క్యాబినెట్ ముందు వోల్టేజి డిస్‌ప్లేలు అమర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డెస్క్‌టాప్ కంప్యూటరు క్యాబినెట్‌కు ముందువైపు చిన్న ఎల్‌ఈడీ వోల్టుమీటర్లు బిగించి, లోపలి ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటరు భాగాలకు కావలసిన తక్కువ వోల్టులుగా మార్చి ఇచ్చే పెట్టె) ఇస్తున్న సరఫరాలను ఎప్పటికప్పుడు కంటికి కనిపించేలా చేసుకోవాలనుకునే వారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. మల్టీమీటరు పట్టడం, టంకం వేయడం కొంత వచ్చినవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి.

దీనివల్ల ప్రయోజనం ఉందా, లేక ఇది అలంకారమేనా?

అలంకారం అన్న మాట నిజమే గాని, సంగతి అంతటితో ఆగదు. ఫ్రిజ్ పక్కన స్టెబిలైజరు ఉన్న ఇంట్లో పెరిగినవారికి అటుగా పోయేటప్పుడల్లా దాని మీది ముల్లును ఒకసారి చూడటం అలవాటు; రోజూ ఉండే చోట ముల్లు లేకపోతే ఏదో తేడా వచ్చిందని ఎవరూ చెప్పకుండానే తెలిసేది. క్యాబినెట్ మీది డిస్‌ప్లే చేసే పని కూడా అదే. అది చూపే అంకె ఎంత కచ్చితమైనది అన్నదానికన్నా, ఆ అంకె తన అలవాటైన చోటు నుంచి ఎంత కదిలింది అన్నదే మనకు పనికివచ్చే విషయం. ఏడాది పాటు 12.1 దగ్గర నిలిచిన అంకె, ఆట మొదలుపెట్టగానే 11.6కు దిగడం మొదలైతే, కంప్యూటరు తనంతట తాను ఆగిపోవడానికి ముందే ఎస్‌ఎంపీఎస్ మీద ఒక కన్ను వేయవచ్చు.

ఇక్కడ ఒక పాత ముచ్చట గుర్తుకు వస్తుంది. 386, 486 కంప్యూటర్ల కాలంలో చాలా క్యాబినెట్ల మీద టర్బో బటన్ పక్కన వేగాన్ని మెగాహెర్ట్‌జ్‌లలో చూపే డిస్‌ప్లే ఉండేది. అది దేనినీ కొలిచేది కాదు; వెనుక జంపర్లను (పిన్నులను జతగా కలిపే చిన్న తొడుగులను) ఎలా పెడితే ఆ అంకె వెలిగేది. 66 ఉండవలసిన చోట 99 పెట్టుకున్నా అది కాదనేది కాదు. మనం అమర్చుకునేది అటువంటిది కాకూడదు గనుక, ఈ జవాబుల్లో ఎక్కువ భాగం కొలత సరిగ్గా రావడం గురించే ఉంటుంది.

ఏయే వోల్టేజీలను చూపించాలి? ఎంతవరకు తేడా మామూలు?

ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిని అనుసరించే ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల ప్రధాన సరఫరాలను, కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు కూడా నడిచే 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరాను, వీటితో పాటు మైనస్ 12 వోల్టులను ఇస్తుంది. రంగుల తీగలు ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, ఊదా స్టాండ్‌బై, నీలం మైనస్ 12, నలుపు గ్రౌండు (అన్నిటికీ ఉమ్మడిగా ఉండే సున్నా వోల్టుల తీగ). మొదటి నాలుగింటికీ అటూ ఇటూ 5 శాతం వరకు తేడాను చాలాకాలంగా అమల్లో ఉన్న ప్రమాణం అనుమతిస్తుంది. అంటే 12 వోల్టుల లైను 11.40 నుంచి 12.60 వరకు, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 వరకు, 3.3 వోల్టులది సుమారు 3.14 నుంచి 3.47 వరకు ఉండవచ్చు. మైనస్ 12కు మాత్రం 10 శాతం సడలింపు ఉంది.

నా మటుకు నేను 12, 5 వోల్టులు చూపిస్తే చాలనుకుంటాను. నేటి కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్టుల మీదే బతుకుతాయి గనుక అసలు కథ అంతా అక్కడే నడుస్తుంది. మూడో డిస్‌ప్లే 3.3 కోసం పెట్టుకుంటే తప్పు లేదు, కానీ అది ముఖ్యంగా వరుస అందంగా కనబడటానికి.

ఎలాంటి డిస్‌ప్లే కొనాలి? రెండు తీగలదా, మూడు తీగలదా?

తడబాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. బజారులో తక్కువ ధరకు దొరికే ఏడు గీతల ఎల్‌ఈడీ వోల్టుమీటర్లలో రెండు రకాలు ఉన్నాయి. రెండు తీగలది తాను కొలిచే వోల్టేజితోనే తానూ వెలుగుతుంది. 12 వోల్టులకు, 5 వోల్టులకు అది చక్కగా సరిపోతుంది. కలపడం కూడా తేలిక. అయితే దానికి పని చేయడానికి కొంత కనీస వోల్టేజి కావాలి. కొన్నింటికి 2.5 వోల్టులు చాలు, కొన్నింటికి 4.5 ఉండాలి. కనుక 3.3 వోల్టుల లైనుకు దాన్ని కలిపితే అంకెలు మసకగా వెలగవచ్చు, తప్పు చూపవచ్చు, లేదా అసలే వెలగకపోవచ్చు.

మూడు తీగలదానిలో ఎరుపు, నలుపు తీగలు డిస్‌ప్లే వెలగడానికి, మూడోది కొలవడానికి. మూడింటికీ ఇదే రకాన్ని తీసుకుని, అన్నిటికీ వెలుగు 5 వోల్టుల లైను నుంచి ఇచ్చి, కొలిచే తీగలను మాత్రం వేర్వేరు లైన్లకు కలపడం నాకు నచ్చిన పద్ధతి. అప్పుడు అన్ని అంకెలూ ఒకే కాంతితో వెలుగుతాయి, కొలిచే తీగలో దాదాపు కరెంటు పారదు గనుక కొలతా మెరుగ్గా వస్తుంది. ఒక జాగ్రత్త: కొలిచే తీగ కొన్ని మీటర్లలో తెల్లగా ఉంటే, కొన్నింటిలో పసుపుగా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ పసుపు వేరు, మీటరు పసుపు వేరు. రంగు చూసి పసుపును పసుపుకు కలిపేవారు చాలామంది ఉన్నారు, 3.3 చూపవలసిన డిస్‌ప్లే 12 చూపినప్పుడు గాని సంగతి తెలియదు.

మూడంకెల డిస్‌ప్లే సరిపోతుందా?

మూడంకెల మీటరు 10 వోల్టుల లోపు రెండు దశాంశ స్థానాలు చూపుతుంది, ఆపైన ఒక్కటే చూపుతుంది. కనుక 5 వోల్టుల లైను 5.04 అని కనిపిస్తే, 12 వోల్టులది 12.1 అని మాత్రమే కనిపిస్తుంది. 12.06, 12.14 రెండూ దానికి 12.1 అవుతాయి. దిగుడును గమనించడానికి ఈ వివరం చాలునని కొందరు అంటారు. 12 వోల్టుల లైనుకు మాత్రం నాలుగంకెలది పెట్టుకుంటే 12.09 నుంచి 11.98కి దిగడం కనిపిస్తుంది గనుక, ఖర్చు పెట్టదలచుకుంటే అక్కడే పెట్టమంటాను. అయితే అంకెలు ఎక్కువ ఉన్నంత మాత్రాన కచ్చితత్వం పెరగదు. 1 శాతం పొరపాటుకు అవకాశమున్న మీటరులో 12 వోల్టుల దగ్గర 0.12 వోల్టు తేడా ఉండవచ్చు. చివరి అంకె అప్పుడు కదలికను చూపుతుందే గాని సత్యాన్ని కాదు.

ఇంట్లో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే పాత ఎల్‌సీడీ మీటరు ఉంది. వాడవచ్చా?

ఐసీఎల్7106 చిప్ మీద తయారైన ఆ రకం మీటర్లలో చాలావాటికి, వెలుగునిచ్చే సరఫరా, కొలిచే సరఫరా రెండూ ఒకే గ్రౌండును పంచుకోకూడదు. కంప్యూటరులోని 12 వోల్టుల నుంచి 9 వోల్టులు తయారుచేసి దానికిచ్చి, ఆ కంప్యూటరునే కొలవమంటే అర్థంలేని అంకెలు వస్తాయి. విడి బ్యాటరీ గాని, ఐసొలేషన్ (రెండు వైపుల గ్రౌండు విడివిడిగా ఉండటం) ఉన్న చిన్న డీసీ కన్వర్టరు గాని పెడితే పనిచేస్తుంది. అంత శ్రమకు తగినదా అన్నది మీరు తేల్చుకోవాలి.

ముల్లు మీటర్లు పెడితే ఎలా ఉంటుంది?

చూడటానికి వాటికి సాటి వచ్చేది లేదు. 0 నుంచి 15 వోల్టుల వరకు ఉన్న డీసీ మూవింగ్ కాయిల్ మీటరును నేరుగా 12 వోల్టులకు కలపవచ్చు. చిక్కేమిటంటే, మనకు కావలసిన 11.4 నుంచి 12.6 వరకు ఉన్న మేర ఆ స్కేలులో పన్నెండో వంతు కూడా ఉండదు. ముల్లు కదిలిందో లేదో కళ్లు చికిలించి చూడాలి. దీనికి పాతకాలం నుంచి ఉన్న ఉపాయం ఒకటుంది. 0 నుంచి 5 వోల్టుల మీటరుకు వరుసగా 10 వోల్టుల జెనర్ డయోడును, దాని గీత ఉన్న కొన పాజిటివ్ వైపు వచ్చేలా కలిపితే, మొదటి 10 వోల్టులను డయోడు మింగేసి మిగిలిన దానినే మీటరుకు వదులుతుంది. అప్పుడు స్కేలు 10 నుంచి 15 వరకు అవుతుంది, ముల్లు కదలిక మూడింతలు పెద్దదవుతుంది. మామూలు జెనర్‌లో 5 శాతం వరకు తేడా ఉంటుంది, కరెంటు తక్కువైనప్పుడు దాని వోల్టేజి ఇంకా జారుతుంది గనుక, స్కేలు కాగితాన్ని మల్టీమీటరు పక్కన పెట్టుకుని మీరే గీసుకోవలసి ఉంటుంది.

సరఫరాను ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఎస్‌ఎంపీఎస్ తీగలను కత్తిరించాలా?

కత్తిరించవద్దు. పాత హార్డ్ డిస్కులకు వాడే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టరులో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, మధ్య రెండూ గ్రౌండు. ఒక స్ప్లిటరు లేదా ఎక్స్‌టెన్షన్ కేబులు కొని, మార్పులన్నీ దాని మీద చేసుకుంటే, ఎస్‌ఎంపీఎస్ తీగలు చెక్కుచెదరవు, వారంటీకీ ఇబ్బంది రాదు. 3.3 వోల్టులు మోలెక్స్‌లో ఉండవు. అవి సాటా పవర్ కనెక్టరు నారింజ తీగలో గాని, మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరులో గాని దొరుకుతాయి. మోలెక్స్ నుంచి సాటాగా మార్చే అడాప్టరులో నారింజ తీగ ఉండదని మరచిపోవద్దు, అందులోకి 3.3 రావడానికి దారే లేదు.

ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావాటికి తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి. అటువంటప్పుడు కనెక్టరులోని స్థానాన్ని బట్టి, మల్టీమీటరుతో ప్రతి పిన్నూ కొలిచి, అట్ట మీద రాసుకుని మాత్రమే ముందుకు వెళ్లాలి. మరో ముఖ్యమైన సంగతి: మాడ్యులర్ (కేబుళ్లను విప్పి తీయగల) ఎస్‌ఎంపీఎస్‌కు దానితో వచ్చిన కేబుళ్లనే వాడాలి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. ప్లగ్గు సరిగ్గా పట్టినా 5 వోల్టులు రావలసిన చోటికి 12 వోల్టులు రావచ్చు, ఆ పొరపాటుకు డిస్‌ప్లేతో పాటు హార్డ్ డిస్కు కూడా బలి కావచ్చు.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఏ కారణం చేతనూ తెరవవద్దు. 230 వోల్టుల ఏసీని సరిచేసినప్పుడు లోపలి పెద్ద కెపాసిటరు మీద 325 వోల్టులు, పవర్ ఫ్యాక్టరును సరిదిద్దే సర్క్యూటు ఉన్నవాటిలో దాదాపు 380 వోల్టులు నిలుస్తాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు ఉంటాయి.

పదో ఇరవయ్యో మిల్లీ ఆంపియర్లు తీసుకునే డిస్‌ప్లేకు ఫ్యూజు దేనికి?

ఫ్యూజు డిస్‌ప్లేను కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తన 12 వోల్టుల లైనులో 50 ఆంపియర్ల వరకు ఇవ్వగలదు. డిస్‌ప్లే వెంట వచ్చే వెంట్రుక లాంటి తీగ ఎక్కడైనా ఒరుసుకుని క్యాబినెట్ రేకును తాకిందనుకోండి. ఆ సన్నని తీగ నిరోధం వల్ల కరెంటు ఎస్‌ఎంపీఎస్ ప్రమాదమని గుర్తించే స్థాయికి చేరకపోవచ్చు. దాని దృష్టిలో అదొక మామూలు లోడు. తీగ మాత్రం ఎర్రగా కాలి, పక్కనున్న తీగల తొడుగులను కరిగిస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఫ్యూజు పెట్టలేదు; ముందు ప్యానెలు మూసేటప్పుడు తీగ ఒకటి రేకు అంచున నలిగింది. కాలిన వాసన వచ్చి స్విచ్చి కట్టేసేలోపే అరమూర తీగ తొడుగు పోయింది. ఆనాటి నుంచి తీగ తీసిన చోటనే, అంటే కనెక్టరుకు రెండు మూడు అంగుళాల దూరంలోనే, ఒక్కో లైనుకు 250 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు పెట్టనిదే పని మొదలుపెట్టను. డిస్‌ప్లే దగ్గర పెట్టిన ఫ్యూజు తనకు ముందున్న తీగను కాపాడలేదు.

మూడు తీగల మీటరులో కొలిచే తీగకు ఫ్యూజు బదులు, తీసిన చోటనే 1 కిలో ఓమ్ రెసిస్టరును వరుసగా కలపవచ్చు. ఆ తీగ రేకును తాకినా 12 మిల్లీ ఆంపియర్లకు మించి పారదు. మీటరు లోపలి నిరోధం లక్ష ఓమ్‌లు ఉంటే దీనివల్ల వచ్చే తేడా సుమారు 1 శాతం, దాన్ని తరువాత సరిచేసుకోవచ్చు. వెలుగునిచ్చే ఎర్ర తీగకు మాత్రం ఫ్యూజే ఉండాలి.

నల్ల తీగను దగ్గరలో ఉన్న రేకుకు బిగిస్తే సరిపోదా?

డిస్‌ప్లే వెలుగుతుంది, కొలత మాత్రం చెడుతుంది. వోల్టుమీటరు చూపేది రెండు బిందువుల మధ్య తేడాను. రెండో బిందువు రేకు మీద ఉంటే, రేకుకూ ఎస్‌ఎంపీఎస్ గ్రౌండుకూ మధ్య ఉన్న తేడా కూడా అంకెలో కలుస్తుంది. ఇదే కారణం చేత, ఎక్కువ లోడు ఉన్న కేబులు నుంచి కూడా తీగ తీయకూడదు. 18 గేజి రాగి తీగకు ఒక మీటరు పొడవుకు దాదాపు 21 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అరమీటరు కేబులులో 5 ఆంపియర్లు పారితే వెళ్లేటప్పుడు 0.05, తిరిగి వచ్చేటప్పుడు మరో 0.05 వోల్టు పడిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ సరిగ్గా 12.00 ఇస్తున్నా, మీ డిస్‌ప్లే 11.90 చూపిస్తుంది. ఫ్యాన్లు, లైట్ల పట్టీలు లేని ఖాళీ కేబులును డిస్‌ప్లేలకే కేటాయించండి.

కంప్యూటరు ఆపినా డిస్‌ప్లే వెలుగుతూ ఉండాలంటే?

మూడు తీగల మీటరుకు వెలుగును ఊదా రంగు స్టాండ్‌బై తీగ నుంచి ఇవ్వాలి. అప్పుడు కంప్యూటరు ఆగినప్పుడు అంకెలన్నీ సున్నాకు జారి, అక్కడే వెలుగుతుంటాయి. పడకగదిలో కంప్యూటరు ఉన్నవారు ఒకసారి ఆలోచించుకోవాలి.

మైనస్ 12 వోల్టులను చూపవచ్చా?

రెండు తీగల మీటరు ఎర్ర తీగను గ్రౌండుకు, నల్ల తీగను నీలం తీగకు కలిపితే 12 చుట్టూ అంకె వస్తుంది, గుర్తు మాత్రం రాదు. ఆ మీటరు నల్ల తీగ ఇంకే గ్రౌండునూ తాకకూడదు. నేటి కంప్యూటర్లలో ఈ లైనుకు దాదాపు పని లేదు, 12 వోల్టులు మాత్రమే ఇచ్చే కొత్త ఏటీఎక్స్12వీఓ పద్ధతిలో దీన్ని తీసేశారు కూడా.

డిస్‌ప్లేలను ఎక్కడ బిగించాలి? రంధ్రాలు ఎలా కోయాలి?

పాత క్యాబినెట్ అయితే సీడీ డ్రైవు స్థానాన్ని మూసే ప్లాస్టిక్ మూతకన్నా అనువైన చోటు లేదు. చెడిపోయినా మరొకటి దొరుకుతుంది, క్యాబినెట్‌ను ముట్టనవసరం లేదు. ఆ మూత వెడల్పు సుమారు 146 మిల్లీమీటర్లు, ఎత్తు 41. పెద్ద అంకెల మీటర్ల చట్రం సాధారణంగా 48 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మూడు పెడితే 144 అవుతుంది. లెక్కకు సరిపోయినట్టే ఉన్నా, మూతకు రెండు చివరలా ఉండే కొక్కేలకు చోటు మిగలదు, మధ్య గోడలూ నిలవవు. మూడు కావాలంటే చిన్న అంకెలవి తీసుకోండి, పెద్దవి కావాలంటే రెండుతో ఆగండి. మీటర్లు చేతికి వచ్చాకే వెర్నియర్‌తో కొలిచి గీతలు గీయాలి, అమ్మకపు చిత్రంలోని కొలతలను నమ్మి కోయకూడదు.

ప్లాస్టిక్ అయితే గీతకు లోపలగా చిన్న రంధ్రాల వరుస వేసి, ముక్కను విరిచి, చదునైన ఆకురాయితో గీత దాకా అరగదీయడం నిదానమైనా నమ్మకమైన దారి. రేకును కోయవలసి వస్తే లోపలి భాగాలన్నీ తీసి, క్యాబినెట్‌ను ఆరుబయటకు తీసుకువెళ్లండి. ఇనుప రజను మదర్‌బోర్డు పిన్నుల మధ్య చేరితే ఏమవుతుందో అది చేరాక తెలుసుకోవడం ఖరీదైన చదువు. సీడీ డ్రైవు చోటే లేని కొత్త క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్‌ను కప్పే రేకు మీద, గాజు తలుపులోంచి కనిపించేలా పెట్టుకోవచ్చు.

వెలుగు కళ్లలో పొడుస్తోంది. తగ్గించడం ఎలా?

రెండు తీగల మీటరుకు వరుసగా రెసిస్టరు పెట్టవద్దు, వెలుగుతో పాటు కొలత కూడా తగ్గుతుంది. డిస్‌ప్లేకు ముందువైపు పొగరంగు యాక్రిలిక్ పలక బిగించడం మేలు. ఎర్ర అంకెలకు ఎర్ర పలక పెడితే వెలగని గీతలు మాయమై, అంకె మరింత తేటగా కనిపిస్తుంది. నీలం రంగు డిస్‌ప్లే పగలు ముచ్చటగా ఉంటుంది గాని, చీకటి గదిలో వద్దనే అంటాను.

కొలతను సరిచూసుకోవడం ఎలా?

మీటరు తీగలు కలిసిన బిందువు దగ్గరే మల్టీమీటరు కొనలు పెట్టి, రెండు అంకెలను పోల్చి, మీటరు వెనుక చిన్న ట్రిమ్మరు ఉంటే దాన్ని సన్నని స్క్రూడ్రైవరుతో కొద్దికొద్దిగా తిప్పండి. ఏ వోల్టేజి దగ్గర వాడతారో ఆ వోల్టేజి దగ్గరే సరిచేయాలి. మల్టీమీటరు బ్యాటరీ దిగిపోయి ఉంటే అదే తప్పు చూపవచ్చు గనుక ముందు దాన్ని మార్చండి.

బయోస్‌లో ఒక అంకె, డిస్‌ప్లేలో మరొకటి. దేన్ని నమ్మాలి?

బయోస్, హార్డ్‌వేరును గమనించే సాఫ్ట్‌వేర్లు చూపే అంకెలు మదర్‌బోర్డు మీది ఒక పర్యవేక్షణ చిప్ నుంచి వస్తాయి. 12 వోల్టులను ఆ చిప్ నేరుగా తట్టుకోలేదు గనుక, రెండు రెసిస్టర్లతో తగ్గించి ఇచ్చి, వచ్చిన దాన్ని తిరిగి హెచ్చిస్తారు. ఆ హెచ్చింపు సంఖ్య సాఫ్ట్‌వేరుకు తప్పుగా తెలిస్తే 12 వోల్టుల లైను 8 వోల్టులుగా కనిపించినా ఆశ్చర్యం లేదు; నిజంగా 8 ఉంటే ఆ అంకెను చూపడానికి కంప్యూటరు నడిచేది కాదు. రెండూ వేర్వేరు చోట్ల కొలుస్తున్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. తగవు తీర్చేది మల్టీమీటరే.

లోడు పెరిగినప్పుడు 12 దిగి, 5 పెరుగుతోంది. ఇది లోపమా?

లోపం కాకపోవచ్చు, ఎస్‌ఎంపీఎస్ నిర్మాణం గురించి అది చెప్పే మాట. చవక రకాల్లో, పాతవాటిలో 12, 5 వోల్టుల లైన్లను ఒకే నియంత్రణ కలిపి చూసుకుంటుంది. 12 మీద భారం పడి అది దిగగానే నియంత్రణ రెండింటినీ కలిపి పైకి నెడుతుంది. భారం లేని 5 వోల్టుల లైను అవసరానికి మించి లేస్తుంది. త్రాసులో ఒక పళ్లెం దిగితే మరొకటి లేచినట్టు డిస్‌ప్లేలు ఎదురెదురుగా కదులుతాయి. కొత్త నిర్మాణంలో ముందు 12 వోల్టులు తయారుచేసి, దాని నుంచి విడి డీసీ కన్వర్టర్లతో 5, 3.3 తీస్తారు గనుక ఆ రెండూ దాదాపు కదలవు. ఎదురు కదలిక ఉన్నా అంకెలు 5 శాతం హద్దులో ఉంటే కంగారు అక్కరలేదు. 11.4 కిందికి, లేదా 5.25 పైకి పోతుంటే, అందులోనూ మల్టీమీటరు అదే మాట చెబుతుంటే, ఎస్‌ఎంపీఎస్ మార్చే ఆలోచన చేయాలి.

డిస్‌ప్లే 12.0 చూపుతుండగానే కంప్యూటరు రీస్టార్ట్ అయింది. అంటే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా?

అలా అనలేము. ఈ మీటర్లు క్షణానికి కొన్నిసార్లు మాత్రమే అంకె మారుస్తాయి, అదీ సగటును. గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా లాగినప్పుడు కొన్ని మిల్లీ సెకన్ల పాటు పడిన గొయ్యి వాటికి కనిపించదు. 12 వోల్టుల మీద 120, మిగిలిన రెండు ప్రధాన లైన్ల మీద 50 మిల్లీ వోల్టులకు మించకూడదని ప్రమాణం చెప్పే రిపుల్ (డీసీలో మిగిలిపోయే వేగమైన చిన్న హెచ్చుతగ్గులు) కూడా వీటికి అందదు. కెపాసిటర్లు ముసలివైనప్పుడు ముందుగా పెరిగేది ఆ రిపులే. దాన్ని చూడటానికి ఆసిలోస్కోపు కావాలి.

ప్రాసెసరు వోల్టేజిని కూడా ఇలా చూపవచ్చా?

వద్దు. మదర్‌బోర్డు మీది వీఆర్‌ఎమ్ 12 వోల్టులను సుమారు 1 వోల్టుకు తగ్గించి, పదుల ఆంపియర్లతో ప్రాసెసరుకు ఇస్తుంది. అక్కడ టంకం వేయబోయి సూది మొనంత జారినా బోర్డు పోతుంది. ఆ అంకెను సాఫ్ట్‌వేరులో చూసుకోండి.

ఈ సామాను ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాదులో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో మీటర్లు, ఫ్యూజులు, హీట్ ష్రింక్ స్లీవు, కనెక్టర్లు అన్నీ చేత్తో పట్టుకుని చూసి కొనవచ్చు. కంప్యూటరు కేబుళ్లకు సికింద్రాబాదు సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్). చెన్నైలో ఉన్న మనవాళ్లకు రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు ఉండనే ఉన్నాయి. ఆన్‌లైనులో కొంటే ఒకటి అదనంగా తెప్పించుకోండి, వచ్చిన నాలుగింటిలో ఒకటి వేరే అంకె చూపడం కొత్త కాదు.

గోడ నుంచి వచ్చే 230 వోల్టులను కూడా పక్కనే చూపిస్తే బాగుంటుంది కదా?

ఏసీ డిస్‌ప్లేలు అదే ఆకారంలో, అదే ధరలో దొరుకుతాయి గనుక ఈ ఆలోచన చాలామందికి వస్తుంది. కానీ దాని కోసం మెయిన్స్ తీగను క్యాబినెట్ ముందు దాకా, వేళ్లు తిరిగే చోటికి, 5 వోల్టుల తీగల పక్క నుంచి తీసుకురావలసి ఉంటుంది. ఒక తీగ ఊడి రెండో దానిని తాకితే మదర్‌బోర్డు, మానిటరు, వాటిని ముట్టుకున్న మనిషి అందరూ 230 వోల్టుల దారిలోనే ఉంటారు. కరెంటు హెచ్చుతగ్గులు చూడాలంటే సాకెట్టులో నేరుగా గుచ్చుకునే మూసిన మీటరు దొరుకుతుంది, దాన్ని స్పైక్ బస్టరు చివరి రంధ్రంలో పెట్టుకోండి.